ఒకటి కనిపించగానే స్లైడ్ తీసేయకండి

సంపాదకులకు నమస్కారం.

వేలికి సూది గుచ్చి ఒక చుక్క రక్తం స్ట్రిప్ మీద వేస్తే పది నిమిషాల్లో జబ్బేంటో తెలిసిపోతున్న రోజుల్లో ఇంకా మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం ఎందుకని చాలామంది అడుగుతున్నారు. కొత్త కిట్ల గురించి పత్రికల్లో వచ్చే వార్తల్లోనూ అదే ధోరణి, మైక్రోస్కోప్ అంటే పాతకాలపు సామాను, కిట్ అంటే ఆధునికం అన్నట్టు. నేను ల్యాబ్‌లో మలం, మూత్రం, రక్తం, చర్మం స్మియర్లు చూసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి దీని మీద ఒక మాట సూటిగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా వేస్తారని ఆశ.

కిట్ల మీద నాకేమీ పేచీ లేదు. మైక్రోస్కోప్ లేని చోట, దాన్ని చూడగలిగే మనిషి లేని చోట అవి ఎంతో మేలు చేస్తున్నాయి. కానీ కిట్ తనను అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఫైలేరియా ఉందా అని అడిగితే ఉందనో లేదనో చెబుతుంది, అదే రోగి కడుపులో కొంకిపురుగులున్నా, చర్మంలో ఇంకో జాతి పురుగు పిల్లలు పాకుతున్నా దానికి సంబంధం లేదు. లెన్సు కింద స్లైడ్ పెట్టినప్పుడు మాత్రం మనం అడగని సంగతి కూడా కంటపడే అవకాశం ఉంది. అవకాశం అనే అంటున్నాను, ఎందుకంటే చూసేవాళ్లు మధ్యలో ఆగిపోతే అదీ కనిపించదు. నా బాధంతా ఆ ఆగిపోవడం గురించే.

నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక జాబితా నడుపుతోంది. 2023 డిసెంబరులో నోటిని, ముఖాన్ని కుళ్లబెట్టే నోమాను కూడా చేర్చాక అందులో 21 జబ్బులు, జబ్బుల గుంపులు ఉన్నాయి. బోదకాలు, కుష్ఠు, జ్వరంతో ప్లీహం ఉబ్బే కాలా అజార్, మట్టి ద్వారా వచ్చే కడుపు పురుగులు, మూత్రంలోనో మలంలోనో రక్తం పోయేలా చేసే పురుగు జబ్బు బిల్హార్జియా, చూపు పోగొట్టే ఆంకోసెర్కియాసిస్, నిద్ర జబ్బు, ఇలా. వంద కోట్ల మందికి పైగా వీటి బారిన పడ్డారని అదే సంస్థ చెబుతోంది. కాగితం మీద ఇవన్నీ వేరు వేరు వరసలు. వేరు కార్యక్రమం, వేరు నిధులు, వేరు అధికారి, వేరు రిజిస్టరు. మనిషి ఒళ్లు మాత్రం ఒక్కటే. చెప్పుల్లేని కాళ్లు, మరుగుదొడ్డి లేని ఇల్లు, గట్టు పక్కన నిలిచిన నీళ్లు, దోమలు, అన్నీ ఒకే కుటుంబానికి ఉన్నప్పుడు జబ్బులు మాత్రం మర్యాదగా ఒక్కొక్కటే ఎందుకు వస్తాయి? ఏలికపాము గుడ్లు పోసే మలమే కొరడా పురుగు గుడ్లనూ మట్టిలోకి చేరుస్తుంది, అదే మట్టిలో కొంకిపురుగు లార్వాలు కాళ్లలోంచి లోపలికి దిగుతాయి. మలేరియా ఈ జాబితాలో లేదు గానీ అది కూడా ఆ ఇంటికే వస్తుంది.

ఇప్పుడు రక్తం తక్కువగా ఉన్న ఒక పిల్లను తీసుకోండి. రక్తం స్లైడ్‌లో మలేరియా కనబడింది. కారణం దొరికింది, మందు రాశారు, ఇంటికి పంపారు. కొంకిపురుగులు పేగు గోడను పట్టుకుని రోజూ రక్తం తాగుతున్న సంగతి ఎవరూ చూడలేదు, బిల్హార్జియా అనుమానంతో మూత్రంలో రక్తం పోతోందా అని ఎవరూ అడగలేదు. మలేరియా తగ్గుతుంది, పిల్ల మాత్రం అలాగే పాలిపోయి ఉంటుంది. మళ్లీ వస్తే ఐరన్ మాత్రలు. రక్తహీనతకు ఇక్కడ మూడు కారణాలు ఉండొచ్చు, మనకు మొదటిది దొరికిందంతే. దొరికినదానితో మనసు కుదుటపడి వెతకడం మానేయడం మనుషులందరికీ ఉన్న అలవాటే, ఎక్స్‌రేలు చదివే రేడియాలజిస్టులు దీని మీద ఎప్పటి నుంచో మాట్లాడుకుంటున్నారు. ల్యాబుల్లో మనం మాట్లాడుకోవడం తక్కువ.

మలం పరీక్షనే కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ లోపల చాలా ఉంది. పురుగుల లెక్క తీయడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి కాటో-కాట్జ్. 1954లో జపాన్‌లో కాటో మొదలుపెట్టినదాన్ని 1972లో బ్రెజిల్‌లో కాట్జ్ బృందం సరిచేసింది. మలాన్ని జల్లెడ పట్టి, చిన్న రంధ్రమున్న ప్లాస్టిక్ పలకలో నింపితే సరిగ్గా 41.7 మిల్లీగ్రాములు వస్తుంది. దాన్ని స్లైడ్ మీదకు దించి, గ్లిజరిన్‌లో నానబెట్టిన సెలోఫేన్ ముక్క కప్పి, నొక్కి, వదిలేస్తాం. గ్లిజరిన్ మెల్లగా మలాన్ని పారదర్శకం చేస్తుంది, గుడ్లు బయటపడతాయి. లెక్కపెట్టి 24తో గుణిస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ గ్లిజరిన్ మలాన్ని మాత్రమే పారదర్శకం చేసి ఊరుకోదు. కొంకిపురుగు గుడ్డు పెంకు చాలా పల్చన. లోపల నాలుగో ఎనిమిదో కణాల ముద్ద, చుట్టూ ఖాళీ, దాని చుట్టూ గీత గీసినట్టు సన్నటి పెంకు. అరగంట నుంచి గంట లోపల చూడకపోతే అది కరిగిపోయినట్టు మాయమవుతుంది. ఏలికపాము గుడ్డు అలా కాదు, గోధుమరంగు గరుకు పెంకుతో గంటలు గడిచినా అలాగే ఉంటుంది. రెండు కొసలకూ బిరడాలు బిగించిన పీపాలా ఉండే కొరడా పురుగు గుడ్డూ అంతే. బిల్హార్జియా గుడ్లకైతే ఇంకా ఆగాలి, స్లైడ్‌ను ఒక రోజు ఉంచి చూస్తే స్పష్టంగా కనబడతాయి. అంటే ఈ జబ్బులన్నీ కలిసి ఉన్న చోట ఒకే స్లైడ్‌ను రెండుసార్లు చూడాలి, ముందు కొంకిపురుగు కోసం, తర్వాత మిగతావాటి కోసం. పొద్దున స్లైడ్లన్నీ వేసి, మధ్యాహ్నం భోజనమయ్యాక తీరిగ్గా చూద్దామనుకుంటే ఆ ప్రాంతంలో కొంకిపురుగే లేదని రిపోర్టు వస్తుంది. పురుగు లేక కాదు, వేళ దాటిపోయి. ఆ రిపోర్టు పట్టుకుని మందు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో పైన నిర్ణయాలు జరిగిపోతాయి.

లెక్క కూడా కలిపి వేయకూడదు. స్లైడ్‌లో 100 గుడ్లు కనబడితే గ్రాముకి 2,400. అవి ఏలికపామువైతే అది తక్కువ స్థాయి కిందే లెక్క, ఎందుకంటే దానికి 5,000 దాటితేనే మధ్యస్థం. అవే 100 కొంకిపురుగువైతే మధ్యస్థం, ఎందుకంటే దానికి గీత 2,000 దగ్గరే ఉంది. కొరడా పురుగుకి 1,000. "పురుగుల గుడ్లు ఉన్నాయి" అని ఒక్క ముక్క రాసి పంపే రిపోర్టులు చూస్తుంటే నాకు కోపం వస్తుంది. ఏ పురుగు, ఎన్ని అని విడివిడిగా రాయడానికి అదనంగా పట్టేది నాలుగు అంకెలు వేసే టైమ్. పైగా మందు అన్నిటికీ ఒకేలా పనిచేయదు. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మాత్రతో ఏలికపాము పోతుంది, కొంకిపురుగు చాలావరకు పోతుంది, కొరడా పురుగు మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోతుంది. రెండూ ఉన్న పిల్లకి ఒకటి పోయి ఒకటి మిగిలితే, మందు పనిచేయలేదని తల్లి అనుకుంటుంది, తర్వాతసారి మింగించదు.

ఇంత చూసినా కాటో-కాట్జ్‌లో పడనిది ఒకటుంది, స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పేగు పురుగు. దీని గుడ్లు పేగులోనే పొదిగిపోతాయి కాబట్టి మలంలోకి వచ్చేది గుడ్డు కాదు, లార్వా. గ్లిజరిన్ కింద అది కనబడదు. దాన్ని పట్టాలంటే గోరువెచ్చని నీళ్లలోకి లార్వాలు వాటంతట అవే దిగేలా చేసే బేర్‌మన్ పద్ధతో, అగర్ ప్లేటు మీద అవి పాకిన జాడలు చూడడమో చేయాలి. ఈ పురుగు మనిషి లోపలే మళ్లీ మళ్లీ తిరిగి సోకుతూ దశాబ్దాలు ఉండిపోగలదు. రోగికి ఇంకేదో జబ్బుకని స్టెరాయిడ్లు మొదలుపెడితే ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. కాబట్టి కొంకిపురుగు దొరికిన మనిషిలో, అదే మట్టిలో నడిచిన మనిషిలో, ఇది కూడా ఉందేమోనన్న అనుమానం రావాలి. ఇంకో మెలిక, మలం ఒక రోజు అలాగే ఉండిపోతే కొంకిపురుగు గుడ్లు కూడా పొదిగి లార్వాలవుతాయి, అప్పుడు రెండూ ఒకేలా ఈదుతూ కనబడతాయి. హై పవర్‌లో నోటి గొట్టం చూడాలి, స్ట్రాంగిలాయిడిస్‌కి పొట్టిగా ఉంటుంది, కొంకిపురుగుకి పొడుగ్గా. తాజా మలం అని మేము రోగుల్ని విసిగించేది ఊరికే కాదు.

రక్తం దగ్గరికి వస్తే సంగతి ఇంకా సున్నితం. 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఫైలేరియా పిల్లల్ని మొదటిసారి చూసిన నాటి నుంచి ఇవాళ్టి దాకా వాటిని పోల్చుకునే పని కంటిదే. బోదకాలు తెచ్చే ఉచెరేరియా పిల్లలు చాలా ప్రాంతాల్లో రాత్రి పది నుంచి రెండు దాకా బయటి రక్తంలోకి వస్తాయి, పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. మధ్య, పశ్చిమ ఆఫ్రికాలో ఉండే లోవా లోవా అనే ఇంకో ఫైలేరియా పురుగు పిల్లలు సరిగ్గా దీనికి ఎదురు, పగలు పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. రెండూ ఉన్న చోట పగలు తీసిన స్లైడ్ ఒక కథ చెబుతుంది, రాత్రి తీసిన స్లైడ్ ఇంకో కథ చెబుతుంది. మాన్సొనెల్లా పెర్‌స్టాన్స్ అనే మరో ఫైలేరియా పురుగుకైతే ఈ వేళలతో పనిలేదు, ఎప్పుడైనా కనబడుతుంది.

స్లైడ్ మీద వీటిని విడదీసేది తోక. లో పవర్‌లో సన్నటి దారం ముక్కలా వంపులు తిరిగి పడి ఉంటుంది, ఆయిల్ లెన్సు వేసి తోక కొస దాకా వెళ్లాలి. ఉచెరేరియాకి కొసన కణకేంద్రకాలు ఉండవు, ఖాళీగా ఉంటుంది. లోవాకి చివరి దాకా వరుసగా ఉంటాయి. బోదకాలు తెచ్చే మరో పురుగు బ్రూజియా మలయికి కొసన రెండు, ఎడంగా, ఒకటి చివర్లో ఒకటి కాస్త వెనక. పెర్‌స్టాన్స్ తోక మొద్దుగా ఉంటుంది, పైన తొడుగు ఉండదు. జీమ్సా రంగులో బ్రూజియా మలయి తొడుగు ముదురు గులాబీ రంగు పట్టేస్తుంది, లోవా తొడుగు అసలు రంగే పట్టదు, తొడుగు లేదేమోననిపిస్తుంది. అందుకే తొడుగు కనబడలేదని జాతి తేల్చేయకూడదు. ఒక స్లైడ్‌లో పది పిల్లలుంటే పదింటి తోకలూ చూడాలి. మొదటి మూడూ ఒకే జాతివైతే మిగతావీ అవే అయి ఉంటాయన్న గ్యారంటీ ఎక్కడా లేదు.

ఇంత పట్టింపు దేనికంటే, ఇక్కడ పొరపడితే మందే రోగిని కొడుతుంది. ఆంకోసెర్కియాసిస్‌కి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మంచి మందు, దాన్ని కనిపెట్టినందుకు 2015లో నోబెల్ కూడా వచ్చింది. కానీ అదే మనిషి రక్తంలో లోవా పిల్లలు మిల్లీలీటరుకి 30,000 దాటి ఉంటే, ఆ మాత్ర వేసుకున్నాక అవన్నీ ఒక్కసారిగా చచ్చి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, కోమాలోకి వెళ్లినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లున్నారు. అలాగే బోదకాలుకి వాడే డీఈసీ మాత్ర ఆంకోసెర్కియాసిస్ ఉన్నవాళ్లకి ఇస్తే చర్మం, కళ్లు తీవ్రంగా దెబ్బతింటాయి. ఒక జబ్బుకి మందు, పక్కనున్న జబ్బుకి ప్రమాదం. అన్ని జబ్బులూ చూడండి అని నేను గొంతు చించుకునేది అందుకే, రిపోర్టు నిండుగా కనబడాలని కాదు.

దీనికి పరిష్కారం కూడా మైక్రోస్కోపే చూపించింది. లోవాస్కోప్ అని, మొబైల్ ఫోనుకి తగిలించిన చిన్న మైక్రోస్కోప్, రక్తంలో పిల్లలు కదిలే కదలికను వీడియో తీసి తనే లెక్కగడుతుంది. 2015లో కామెరూన్‌లోని ఒకోలా ప్రాంతంలో దీంతో జనాన్ని పరీక్షించి, మిల్లీలీటరుకి 20,000 దాటినవాళ్లను పక్కనపెట్టి, మిగతావాళ్లకి ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. పక్కన పెట్టాల్సి వచ్చింది వందలో ఇద్దరు ముగ్గుర్నే. అదివరకు ఆ కొద్దిమంది కోసం భయపడి అందరికీ మందు ఆపాల్సి వచ్చేది.

కిట్ కూడా ఇలాంటి చోట తికమకపడుతుందని చాలామందికి తెలియదు. బోదకాలు యాంటిజెన్‌ను పట్టే స్ట్రిప్, రక్తంలో లోవా పిల్లలు బాగా ఎక్కువున్న మనిషిలో బోదకాలు లేకపోయినా పాజిటివ్ చూపించగలదు. ఆ గీత నిజమా కాదా అని తేల్చడానికి మళ్లీ తోక దగ్గరికే రావాలి. మైక్రోస్కోప్ కూడా ఇందుకు అతీతం కాదు లెండి. నిద్ర జబ్బు తెచ్చే ట్రిపనోసోమ్‌ల కోసం సన్నటి గాజు గొట్టంలో రక్తం తిప్పి, తెల్లకణాల పొర దగ్గర వాటి కదలిక చూస్తారు. అదే రక్తంలో ఫైలేరియా పిల్లలుంటే అవి కొరడాల్లా కొట్టుకుంటుంటే పక్కనున్న ట్రిపనోసోమ్‌ల చిన్న కదలిక కంటికి ఆనదు. ఒక జబ్బు ఇంకో జబ్బును అక్షరాలా దాచేస్తుందన్నమాట. అది తెలిసినవాళ్లు అక్కడ ఇంకాసేపు ఆగుతారు, వేరే పద్ధతిలో మళ్లీ చూస్తారు. తెలియనివాళ్లు ఫైలేరియా అని రాసేసి తర్వాతి గొట్టం తీసుకుంటారు.

చర్మం ముక్కల విషయంలోనూ ఇదే గొడవ. ఆంకోసెర్కియాసిస్ తెచ్చే ఆంకోసెర్కా పురుగు కోసం తుంటి ఎముక మీది చర్మం చిన్న ముక్క కత్తిరించి సెలైన్‌లో వేస్తే పురుగు పిల్లలు బయటికి వస్తాయి. కత్తిరింపు లోతై రక్తం కలిస్తే రక్తంలోని పురుగులు కూడా అందులో పడతాయి, వాటిని చర్మంలోవనుకునే ప్రమాదం ఉంది. రంగు వేసి, జాతి తేల్చాకే రాయాలి.

కాలా అజార్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1903లో విలియం లీష్‌మన్, మద్రాసులో చార్లెస్ డోనొవాన్ విడివిడిగా బయటపెట్టిన ఎల్‌డీ బాడీలు, అంటే ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవులు, రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, లోపల గుండ్రటి కేంద్రకం, దాని పక్కన చిన్న కడ్డీలాంటి కైనెటోప్లాస్ట్, ఈ రెండూ కనబడితేనే అది ఎల్‌డీ బాడీ, లేకపోతే రంగు మరకో ప్లేట్‌లెట్టో. ఇవాళ రక్తంలో ఈ జబ్బు యాంటీబాడీలను పట్టే ఆర్‌కే39 స్ట్రిప్‌తో ఎక్కువమందికి ప్లీహంలో సూది గుచ్చే పని తప్పింది, అది చాలా మంచిదే, రక్తస్రావం భయం ఉన్న పని అది. కానీ ఆ స్ట్రిప్ జబ్బు నయమయ్యాక కూడా చాలాకాలం పాజిటివే చూపిస్తుంది, కాబట్టి జబ్బు తిరగబెట్టిందా అన్న ప్రశ్నకి స్ట్రిప్ పనికిరాదు, పరాన్నజీవిని కళ్లతో చూడాల్సిందే. హెచ్‌ఐవీ కూడా ఉన్నవాళ్లలో స్ట్రిప్ నెగటివ్ వచ్చినా నమ్మడానికి లేదు. ఇక కాలా అజార్ తగ్గిన కొన్నాళ్లకి కొందరికి చర్మం మీద తెల్లటి మచ్చలొస్తాయి, వాటిని కుష్ఠు మచ్చలనుకోవడం మామూలే. స్పర్శ ఉందో లేదో చూడడం మొదటి మెట్టు. తర్వాత చర్మం చీరి తీసిన స్మియర్‌ని రెండు స్లైడ్ల మీద వేయాలి, ఒకటి ఆమ్లానికి లొంగని కుష్ఠు బాసిలస్ కోసం, ఒకటి జీమ్సా రంగుతో ఎల్‌డీ బాడీల కోసం. రెండు జబ్బులూ కలిసి ఒకే మనిషిలో ఉండటమూ జరిగింది. ఒకే రంగు వేసి ఒకే స్లైడ్ చూస్తే ఆ సంగతి ఎన్నటికీ బయటికి రాదు.

ఇన్ని చెప్పాను గనక మైక్రోస్కోప్‌తో కానిది కూడా చెప్పాలి. పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు గుడ్డు, ఆవు మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు గుడ్డు లెన్సు కింద అచ్చం ఒకేలా ఉంటాయి, ఎంత అనుభవమున్నా తేడా చెప్పలేం. పురుగు ముక్క దొరికితే గర్భకోశం కొమ్మలు లెక్కపెట్టి చెప్పొచ్చు, అంతే. మొదటి రకం మెదడులో తిత్తులు కడుతుంది, ఆ తిత్తులున్న మనిషికి బిల్హార్జియా కోసం ప్రజిక్వాంటెల్ ఇస్తే మూర్ఛలు రావచ్చు. కాబట్టి బద్దెపురుగు గుడ్లు కనబడితే జాతి తేలలేదని స్పష్టంగా రాసి డాక్టరుకి ఫోన్ చేయడమే మా పని. ఇన్ఫెక్షన్ బాగా తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు ఒక్క మలం స్లైడ్ చాలావరకు తప్పిపోతుంది, గుడ్లు రోజూ ఒకేలా పడవు, అలాంటప్పుడు రెండు మూడు రోజుల నమూనాలు కావాలి, వీలైన చోట పీసీఆర్ కావాలి. వీటిని ఒప్పుకోవడంలో మైక్రోస్కోప్‌కి పోయే పరువేమీ లేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, రిపోర్టు ఫారం మార్చమని. ఇప్పుడు చాలా రిపోర్టుల్లో దొరికినదే ఉంటుంది. ఏం వెతికారో ఉండదు. "పరాన్నజీవులు కనబడలేదు" అని ఒక వాక్యం ఉంటుంది, దాని కింద సంతకం. ఏ నమూనా, ఎన్ని గంటలకి తీసింది, తీసిన ఎంతసేపటికి చూసింది, ఏ పద్ధతి, ఎంత రక్తం, ఎన్ని మిల్లీగ్రాముల మలం, ఇవేవీ లేకుండా "కనబడలేదు" అన్న మాటకి విలువ ఎంత? పగలు పదకొండింటికి తీసిన రక్తంలో ఉచెరేరియా కనబడకపోవడం ఒక రకం లేకపోవడం, రాత్రి పన్నెండింటికి తీసిన దాంట్లో కనబడకపోవడం ఇంకో రకం. మూత్రంలో బిల్హార్జియా గుడ్లు మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య ఎక్కువగా వస్తాయి, పొద్దున్నే తెచ్చిన సీసాలో లేవంటే లేనట్టు కాదు. ఆ ప్రాంతంలో ఉండే ప్రతి జబ్బుకీ ఫారంలో ఒక గడి ఉండాలి, ఆ గడిలో మూడు జవాబుల్లో ఒకటి పడాలి, ఉంది, వెతికాం గానీ కనబడలేదు, వెతకలేదు. ఆ మూడోది రాయడానికి ల్యాబ్ వాళ్లు సిగ్గుపడకూడదు, రాసినందుకు పైవాళ్లు నిలదీయకూడదు. డాక్టరుకి కావలసింది అదే, ఇంకా ఏం మిగిలిందో తెలిస్తే ఆయన మళ్లీ పంపుతాడు.

డాక్టర్లకీ ఒక మాట. చీటీ మీద "మలం పరీక్ష" అని రెండు ముక్కలు రాసి పంపకండి. రోగి ఎక్కడి నుంచి వచ్చాడు, ఎక్కడెక్కడ తిరిగాడు, స్టెరాయిడ్లు మొదలుపెట్టబోతున్నారా, మూత్రం ఎర్రగా వస్తోందా, ఏ మందులు ఇప్పటికే వేసుకున్నాడు, ఇవి రాస్తే మేము ఎక్కడ ఎక్కువసేపు చూడాలో, ఏ పద్ధతి అదనంగా చేయాలో మాకు తెలుస్తుంది. మందు వేసుకున్నాక వచ్చిన నమూనాని మందుకి ముందుదనుకుని చూస్తే ఎంత చూసినా ఏం లాభం?

పై అధికారులకి చెప్పాల్సింది మనుషుల గురించి. ఒక స్లైడ్ మొత్తం, ఈ కొస నుంచి ఆ కొస దాకా, వరస తప్పకుండా చూడాలంటే టైమ్ పడుతుంది. రోజుకి ఇన్ని స్లైడ్లు అవ్వాలి అని టార్గెట్ పెడితే స్లైడ్లు అవుతాయి, చూపు అవదు. మొదటి గుడ్డు కనబడగానే చేయి తర్వాతి స్లైడ్ మీదకి వెళ్లిపోతుంది, అది ఆ మనిషి తప్పు కాదు, టార్గెట్ తప్పు. చూసిన స్లైడ్లలో పదోవంతు ఇంకొకరు, మొదటివాళ్లు ఏం రాశారో తెలియకుండా మళ్లీ చూడాలన్నది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, దాన్ని నిజంగా అమలు చేయండి. తేడా వస్తే తిట్టడానికి కాకుండా ఇద్దరూ కూర్చుని అదే స్లైడ్‌ని మళ్లీ చూడటానికి వాడండి, టెక్నీషియన్ నేర్చుకునేది అక్కడే. ఇంకో సంగతి, జబ్బు తగ్గుతున్న కొద్దీ దాన్ని చూసిన కళ్లు కూడా తగ్గిపోతాయి. ఏళ్ల తరబడి ఒక్క లోవా తోకనైనా, ఒక్క ఎల్‌డీ బాడీనైనా చూడని మనిషికి అది ఎదురైనప్పుడు తట్టదు. పాత పాజిటివ్ స్లైడ్లను పారేయకుండా దాచి, జాతులు కలిసి ఉన్న స్లైడ్లను ముఖ్యంగా దాచి, కొత్తవాళ్లకి వాటి మీద శిక్షణ ఇవ్వాలి. శిక్షణలో ఎప్పుడూ ఒక స్లైడ్‌కి ఒకే జబ్బు ఉన్నవి చూపిస్తే, ఒక స్లైడ్‌కి ఒకే జబ్బు ఉంటుందనే నేర్చుకుంటారు.

చివరిగా ఏఐ మైక్రోస్కోపుల గురించి. స్లైడ్ పెడితే కెమెరా మొత్తం తిప్పి ఫొటోలు తీసి గుడ్లు తనే గుర్తుపట్టే యంత్రాలు వస్తున్నాయి. అవి అలసిపోవు, మొదటి గుడ్డు దగ్గర ఆగిపోవు, స్లైడ్ మొత్తం చూస్తాయి, ఆ విషయంలో మనిషికంటే మేలు, నాకు వాటి మీద నిజంగా ఆశ ఉంది. కాకపోతే నేర్పినవే గుర్తుపడతాయి. మూడు రకాల గుడ్లు నేర్పిన యంత్రం ముందు నాలుగో రకం పెడితే, దాన్ని ఆ మూడింట్లో దేనికో అంటగడుతుంది, లేదా చెత్త కింద వదిలేస్తుంది. అందుకని కొనే ముందు, ఎంత శాతం కచ్చితత్వం అని అడిగి సంతోషపడిపోకుండా, దీనికి ఏ జాతులు నేర్పారు, రెండు మూడు జాతులు కలిసి ఉన్న స్లైడ్ల మీద విడిగా పరీక్షించారా, గుర్తు తెలియనిది కనబడితే ఆ ఫొటోని పక్కన పెట్టి మనిషికి చూపిస్తుందా అని అడగండి. ఆ మూడో ప్రశ్నకి లేదు అని జవాబు వస్తే ఆ యంత్రం పక్కన ఒక టెక్నీషియన్‌ని కూర్చోబెట్టకుండా వాడొద్దు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్